దేవిడీ తలుపులు తెరచిన ప్రభువు
(ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ జీవిత సంగ్రహం)

పాలకుల గొప్పతనాన్ని వారు కట్టించిన కోటలతోను, గెలిచిన యుద్ధాలతోను కొలవడం చరిత్ర గ్రంథాలకు అలవాటు. ఇల్లు కూలిపోయి, బిడ్డను చంకనెత్తుకొని వీధిలో నిలబడిన మనిషికి ఆ రాత్రి తల దాచుకొనే చోటు ఎక్కడ దొరికిందన్నది కూడా ఒక కొలమానమేనని మేము భావిస్తున్నాము. ఈ కొలమానంతో చూచినప్పుడు హైదరాబాదు ప్రభువులలో ఒకరి పేరు ముందుగా జ్ఞాపకం వస్తుంది. ఆయన ఆసఫ్‌జాహీ వంశంలో ఆరవ నిజాం, మీర్ మహబూబ్ అలీ ఖాన్. నిలువ నీడ లేని వారు ఎక్కడ ఉండాలి, నగర క్షేమానికీ వారి క్షేమానికీ పొంతన ఎట్లా కుదరాలి అనే ప్రశ్న నేటికీ మన నగరాన్ని వదలలేదు. కనుక ఆ ప్రశ్న మహోగ్ర రూపంలో ఎదురైన నాటి పాలకుని జీవితాన్ని ఈ సంచికలో విద్యార్థుల ముందు ఉంచదలచాము.

మహబూబ్ అలీ ఖాన్ 1866 ఆగస్టులో పురానీ హవేలీలో జన్మించారు. తండ్రి అఫ్జలుద్దౌలా అయిదవ నిజాం. 1869 ఫిబ్రవరిలో తండ్రి కాలధర్మం చెందేనాటికి బాలునికి ఇంకా మూడేండ్లు నిండలేదు. మాటలు కూడా సరిగా రాని వయస్సులో గద్దెనెక్కిన ఆ పసివాని పేరిట రాజ్యభారం వహించినవారు మొదటి సాలార్ జంగ్, ఆయనతో పాటు పాయెగా వంశీకులు. సాలార్ జంగ్ అప్పటికే దీవాన్‌గా రాజ్యంలో అనేక సంస్కరణలు ప్రవేశపెట్టి ఉన్నారు. జిల్లాల విభజన, రెవెన్యూ వసూలు పద్ధతి, విద్యాలయాల స్థాపన ఆయన చేతుల మీదుగా ఒక రూపం దిద్దుకున్నాయి. రాకుమారునికి కెప్టెన్ జాన్ క్లార్క్ అనే ఆంగ్లేయుడు ఉపాధ్యాయుడుగా నియమితుడైనాడు. ఇంగ్లీషు విద్యతో పాటు అరబీ, పారశీకం, ఉర్దూ భాషలలో కూడా ఆయనకు శిక్షణ లభించింది. తెలుగు భాషతో కూడా ఆయనకు పరిచయం ఉండేదని చెబుతారు.

1883 ఫిబ్రవరిలో సాలార్ జంగ్ కలరా సోకి హఠాత్తుగా మరణించారు. మరుసటి సంవత్సరం 1884 ఫిబ్రవరిలో వైస్రాయి రిప్పన్ ప్రభువు స్వయంగా హైదరాబాదు వచ్చి, పదునెనిమిదవ ఏట ఉన్న యువకునికి పూర్తి అధికారాలు అప్పగించారు. ఆ రోజులలోనే రాజ్య వ్యవహారాలలో పారశీకానికి బదులు ఉర్దూ అధికార భాష అయినది. 1893లో ఖానూంచయె ముబారక్ అనే శాసనం ద్వారా మంత్రిమండలి విధులు నిర్ణయించబడ్డాయి. 1901 నుండి మహారాజా కిషన్ ప్రసాద్ ప్రధానిగా ఉన్నారు. ఆయనా కవే, ప్రభువూ కవే. మహబూబ్ అలీ ఖాన్ ఆసఫ్ అనే తఖల్లుసుతో గజళ్లు వ్రాసేవారు. సుప్రసిద్ధ కవి దాగ్ దెహ్లవీ ఆయనకు ఉస్తాదు. దాగ్ జీవితపు చివరి భాగం హైదరాబాదులోనే గడచి, 1905లో ఇక్కడే ముగిసింది.

మహబూబ్ అలీ ఖాన్ నిరాడంబరుడని మేము చెప్పబోవడం లేదు. పురానీ హవేలీలో ఆయన దుస్తుల కొరకు ఏర్పాటైన బీరువాల వరుస ఈనాటికీ చూపరులకు ఆశ్చర్యం కలిగిస్తుంది. జాకబ్ వజ్రం కొనుగోలు వ్యవహారం న్యాయస్థానం వరకు వెళ్లింది. కొండపై నుండి నగరాన్ని చూచే ఫలక్‌నుమా ప్రాసాదం వికారుల్ ఉమ్రా చేతి నుండి ఆయన చేతికి వచ్చింది. వేట ఆయనకు ఎంతో ప్రీతి. ఒకవైపు ఇంతటి వైభవం, మరొకవైపు కరువులు, ఖజానా మీద ఒత్తిడి. 1902లో బేరారు శాశ్వతపు కౌలుగా ఆంగ్ల ప్రభుత్వం పాలైంది. ఈ లోపాలను దాచి వ్రాయడం చరిత్రకు ద్రోహం చేయడమే అవుతుంది.

అయినా సామాన్య ప్రజలు ఆయనను మహబూబ్ పాషా అని ప్రేమగా పిలుచుకున్నారు. పాము కాటుకు మందు ఆయన వద్ద ఉన్నదని, ఆయన పేరు తలచినా విషం దిగుతుందని ఊరూరా నమ్మకం వ్యాపించింది. అట్టివారు ఏ వేళ వచ్చినా తనను నిద్ర లేపమని ఆయన సేవకులకు ఆజ్ఞాపించారని చెప్పుకుంటారు. నమ్మకంలోని నిజానిజాలను అటుంచుదాము. ప్రభువు తలుపు అర్ధరాత్రి కూడా తట్టవచ్చుననే ధైర్యం బీదవానికి ఉండడమే గమనింపదగిన విషయం. 1901లో మరణించిన విక్టోరియా రాణి స్మారకంగా సరూర్‌నగర్‌లో ఆయన ఏర్పరచిన అనాథ శరణాలయం కూడా ఈ స్వభావానికే నిదర్శనం. తల్లిదండ్రులు లేని బిడ్డలకు రాజప్రాసాదం వంటి భవనంలో నివాసం కల్పించడం ఆ కాలంలో సామాన్య విషయం కాదు.

ఆ స్వభావానికి అసలైన పరీక్ష 1908 సెప్టెంబరులో వచ్చింది.

1901 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాదు, శివారులతో కలిపి, సుమారు 4 లక్షల 48 వేల మంది ఉన్న నగరం. మూసీ నది నగరాన్ని రెండుగా చీల్చుకుంటూ ప్రవహిస్తుంది. ఏడాదిలో ఎక్కువ కాలం సన్నని పాయగా కనిపించే ఆ నది ఒడ్డున బీద జనం గుమిగూడి నివసించేవారు. వారు అక్కడెందుకు ఉన్నారన్నది పేటల పేర్లే చెబుతాయి. కోల్సావాడి అంటే బొగ్గుల వాడ, ఘాంసీ బజార్ అంటే గడ్డి అమ్మే బజారు. బరువు మోసేవానికి బజారు దగ్గర కావాలి. బట్టలు ఉతికేవానికి నీరు దగ్గర కావాలి. అద్దె చెల్లించలేనివానికి ఎవరూ కోరని నేల కావాలి. ఈ మూడూ ఒక్కచోట దొరికేది నది ఒడ్డుననే. అపాయం తెలియక కాదు, బ్రతుకుతెరువు వదలలేక వారు అక్కడ ఉన్నారు.

సెప్టెంబరు 26, 27 తేదీలలో ఎడతెరపి లేకుండా వాన కురిసింది. నది ఎగువన ఉన్న పరివాహక ప్రాంతంలో 788 చెరువులు ఉండగా, వాటిలో 221 చెరువులకు గండ్లు పడ్డాయని అనంతరం జరిగిన పరిశోధనలో తేలింది. ఒక చెరువు తెగి దిగువ చెరువు మీద పడితే ఆ చెరువు కూడా తెగుతుంది. ఇట్లా గొలుసుకట్టుగా వచ్చిన నీరంతా 28వ తేదీ తెల్లవారేసరికి నగరం మీద విరుచుకుపడింది. వంతెనలు దెబ్బతిన్నాయి. కుతుబ్‌షాహీల నాటి పురానాపూల్ మాత్రం తట్టుకొని నిలిచింది. కోల్సావాడి, ఘాంసీ బజార్ వంటి పేటలు నీట మునిగిపోయాయి. ఎత్తైన చోటని నమ్మి పేట్ల బురుజు ఎక్కిన వందలాది జనం, ఆ బురుజు కూడా కూలడంతో కొట్టుకొనిపోయారని ఆనాటి కథనాలు తెలుపుతున్నాయి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి నేలమట్టమైంది. ఆ ఆవరణలోని ఒక చింతచెట్టు కొమ్మలను పట్టుకొని సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. మృతుల సంఖ్య 15 వేలని సాధారణంగా చెబుతారు. నగర జనాభాలో దాదాపు నాలుగవ వంతు ఇల్లు లేని వారైనారు.

ఉర్దూ సాహిత్యం చదివే మన విద్యార్థులకు అమ్‌జద్ హైదరాబాదీ పేరు సుపరిచితం. రుబాయీల కవిగా కీర్తి పొందిన అమ్‌జద్ ఆ వరదలో తల్లిని, భార్యను, కుమార్తెను కోల్పోయారు. ఇంటిల్లిపాదిలో ఆయన ఒక్కరే మిగిలారు. ఆ దుఃఖమే ఖయామతె సుగ్రా అనే కవితగా వెలువడింది. చిన్న ప్రళయం అని దాని అర్థం. మేము పైన ఇచ్చిన అంకెలలోని ఒక్కొక్క అంకె వెనుక ఇటువంటి ఇల్లు ఒకటి ఉన్నదని మరువరాదు.

అప్పుడు మహబూబ్ అలీ ఖాన్ చేసిన పనిని మేము రెండు భాగాలుగా చూస్తున్నాము. మొదటిది ఆ రాత్రికి సంబంధించినది. ఆయన తన ప్రాసాదాల తలుపులు నిరాశ్రయులకు తెరిపించారు. ప్రభువును చూచి అమీర్లు కూడా తమ దేవిడీలలో జనానికి చోటిచ్చారు. నగరంలో పలుచోట్ల లంగర్లు పెట్టి కులమత భేదం లేకుండా అన్నం పెట్టించారు. సహాయ నిధి ఏర్పడింది. సరోజినీ నాయుడు వంటి వారు సహాయ కార్యక్రమాలలో స్వయంగా పాల్గొన్నారు. నదీమతల్లి కోపాన్ని శాంతింపజేయుటకు ప్రభువు మూసీ ఒడ్డుకు వెళ్లి, హిందువుల ఆచారం ప్రకారం చీర, పసుపు కుంకుమలు సమర్పించారని కూడా నగరవాసులు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. తన మతం కాని ఆచారాన్ని ప్రజల ఓదార్పు కోసం పాటించిన రాజుగా వారు ఆయనను స్మరిస్తారు.

దేవిడీ అంటే కావలివాని అనుమతి లేనిదే బీదవాడు అడుగు పెట్టలేని స్థలం. బురద కాళ్లతో, రోగాలతో, ఏడ్చే పిల్లలతో వచ్చే వేలాది అపరిచితులను ఆ గోడల లోపలికి రానిస్తే దొంగతనాలు జరుగుతాయని, అంటువ్యాధులు ప్రబలుతాయని భయపడడానికి కారణాలు లేకపోలేదు. పాతికేళ్ల క్రితమే కలరా ఆయన దీవాన్‌నే బలిగొన్నది. అయినా తలుపులు తెరుచుకున్నాయి. ఇల్లు లేనివాడు నగరానికి అపాయమన్న తలంపు కంటే, ఇల్లు లేనివాడే అపాయంలో ఉన్నాడన్న తలంపు ఆనాడు పైచేయి అయినది.

రెండవది మరునాటికి సంబంధించినది. దేవిడీలో ఎవరూ ఎల్లకాలం ఉండలేరు. లంగరు నిత్యం నడవదు. నీరు తీసిన తరువాత జనం మళ్లీ ఆ ఒడ్డుకే వెళ్లి గుడిసెలు వేసుకుంటే, మరొక సెప్టెంబరులో మళ్లీ అదే వినాశం. ఈ విషయం గుర్తించి ప్రభువు ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను ఆహ్వానించింది. బొంబాయి ప్రభుత్వ కొలువు నుండి విరమించి అప్పుడు విదేశ పర్యటనలో ఉన్న ఆయన 1909 ఏప్రిల్‌లో హైదరాబాదు చేరుకున్నారు. వాన లెక్కలు, చెరువుల గండ్లు, నది వెడల్పు అన్నీ పరిశీలించి, అదే సంవత్సరం అక్టోబరులో నివేదిక సమర్పించారు. నగరానికి ఎగువన మూసీ మీద, దాని ఉపనది ఈసీ మీద జలాశయాలు కట్టి వరద నీటిని అక్కడే ఆపాలన్నది ఆయన సలహాలలో ముఖ్యమైనది. నది ఒడ్డులను ఉద్యానవనాలుగా తీర్చడం, మురుగు కాలువల నిర్మాణం, ఇరుకైన బీద పేటలకు గాలి వెలుతురు కల్పించడం తక్కినవి. నగరంలోని బీదవాని రక్షణ నగరం వెలుపల ఎగువన ఉన్న చెరువు కట్టతో ముడిపడి ఉన్నదని ఆయన అంకెలతో సహా నిరూపించారు.

ఆ పథకం ఫలించడం చూచే భాగ్యం మహబూబ్ అలీ ఖాన్‌కు దక్కలేదు. వరద వచ్చిన మూడేండ్లకే, 1911 ఆగస్టు 29న, ఫలక్‌నుమాలో ఆయన కన్నుమూశారు. వయస్సు 45 సంవత్సరాలు. మక్కా మసీదు ఆవరణలో పూర్వీకుల సమాధుల సరసన ఆయన దేహం విశ్రమించింది. కుమారుడు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో 1912లో నగరాభివృద్ధి కోసం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయినాయి. నది ఒడ్డున హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి భవనాలు లేచాయి. బోర్డు ఇరుకు పేటలను తొలగించి వెడల్పైన దారులు వేయించింది. దానితో పాటు బీదవారి కొరకు ఇళ్లు కట్టించి తక్కువ అద్దెకు ఇచ్చింది. కూల్చడం ఒక చేత్తో, కట్టడం మరొక చేత్తో జరగాలన్న సూత్రాన్ని ఆ బోర్డు కొంతవరకైనా పాటించింది.

కొంతవరకే అని ఎందుకు అంటున్నామో చెప్పవలసి ఉన్నది. జలాశయాలు వరదను ఆపినాయి, కాని నది ఒడ్డుకు బీదవారు రావడాన్ని ఆపలేకపోయాయి. నగరం పెరిగింది, కూలి పని పెరిగింది, కూలివానికి అందుబాటులో ఇల్లు మాత్రం పెరగలేదు. వరద భయం తగ్గిన ఒడ్డున మళ్లీ గుడిసెలు వెలిశాయి, ఆ గుడిసెలే కాలక్రమాన పేటలైనాయి. 2024లో మూసీ అభివృద్ధి కొరకు నదీగర్భంలోని ఇళ్లకు అధికారులు గుర్తులు వేసినప్పుడు, కొన్ని కుటుంబాలు ప్రభుత్వం చూపిన రెండు పడకగదుల ఇళ్లకు తరలివెళ్లాయి, మరికొన్ని కుటుంబాలు నిరసన తెలిపాయి. 2025 సెప్టెంబరు చివర జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు, సరిగ్గా 117 సంవత్సరాల తరువాత, అదే మాసంలో చాదర్‌ఘాట్ పరిసరాల జనం సామాను నెత్తిన పెట్టుకొని సహాయ శిబిరాలకు చేరుకోవలసి వచ్చింది.

ఈ వివాదంలో ఇరువైపులా న్యాయం ఉన్నది. నదీగర్భంలో మనుషులు నిద్రించడం వారికే ప్రాణాపాయమని అధికారులు అనడం అసత్యం కాదు. 1908 అందుకు సాక్ష్యం. పనిచేసే చోటికి పదిహేను మైళ్ల దూరాన ఇల్లు ఇస్తే ఆ ఇంట్లో ఆకలే కాపురముంటుందని ఒడ్డువాసులు అనడం కూడా అసత్యం కాదు. 1985లో బొంబాయి ఫుట్‌పాత్ వాసుల వ్యాజ్యంలో మన సుప్రీంకోర్టు జీవించే హక్కులో బ్రతుకుతెరువు కూడా ఇమిడి ఉన్నదని తీర్పు చెప్పింది. అదే తీర్పు ఫుట్‌పాత్‌ను ఆక్రమించుకొనే హక్కు ఎవరికీ లేదని కూడా స్పష్టపరచింది. రెండు మాటలనూ కలిపి చదవాలి. దారి దారిగా ఉండాలి, నది నదిగా ఉండాలి. కాని అక్కడి నుండి లేపబడిన మనిషి నిలబడే చోటు ముందుగా సిద్ధమై ఉండాలి. అది అతని పనికి, అతని పిల్లల బడికి అందుబాటులో ఉండాలి. ముందు చోటు, తరువాత తరలింపు. ఈ క్రమం తారుమారైతే ప్రజారక్షణ అన్న మాటకు అర్థం ఉండదు.

మహబూబ్ అలీ ఖాన్ ఈ సమస్యను పూర్తిగా పరిష్కరించారని మేము అనడం లేదు. ఆయన వైభవానికి వెచ్చించిన ధనంలో కొంత వరదకు ముందే ఆ పేటల మీద వ్యయమై ఉంటే ఎన్ని ప్రాణాలు దక్కేవో అన్న ప్రశ్న మిగిలే ఉన్నది. అయినా ఆపద వచ్చిన నాడు ఆయన రెండు పనులనూ చేశారు. ఆ రాత్రికి తలుపు తెరిచారు, రేపటికి ఇంజనీరును పిలిచారు. తలుపు మాత్రమే తెరిస్తే అది దయ, ఇంజనీరును మాత్రమే పిలిస్తే అది లెక్క. రెండూ కలిసినప్పుడే అది పరిపాలన.

విద్యార్థి సోదర సోదరీమణులారా! ఆ చింతచెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇంకా నిలిచి ఉన్నది. సెప్టెంబరు 28న కొందరు పౌరులు దాని క్రింద సమావేశమై మృతులను స్మరించే ఆచారం ఉన్నది. ఆ ఆవరణకు వెళ్లినప్పుడు చెట్టుతో పాటు చుట్టూ ఉన్న మనుషులను కూడా చూడవలసిందిగా మిమ్ములను కోరుతున్నాము. జిల్లాల నుండి రోగులతో వచ్చి, లాడ్జికి డబ్బు లేక, గోడ పక్కన దుప్పటి పరచుకొని రాత్రులు గడిపే బంధువులు అక్కడ మీకు కనిపిస్తారు. మీలో కొందరు రేపు ఇంజనీర్లు, కొందరు అధికారులు, కొందరు న్యాయవాదులు కాగలరు. ఆ నాడు ఒక గుడిసె తొలగింపు కాగితం మీ బల్ల మీదికి వస్తుంది. సంతకం చేయడానికి ముందు, ఆ గుడిసెలోని వారు ఈ రాత్రి ఎక్కడ పడుకుంటారని ఒక్కసారి అడగండి. జవాబు దొరికిన తరువాతనే కలం ఎత్తండి. మహబూబ్ పాషా స్మృతికి మనం చేయగలిగిన గౌరవం ఇదేనని మేము విశ్వసిస్తున్నాము.